ఏటికి ఎదురు లాగిన తాడు

దగ్గరికి జరిగి కూర్చోండి తల్లీ, ఆ ఫోను పక్కన పెట్టి వినండి. దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా రాయచోటి పక్క పల్లెలో చీకటితోనే శ్మశానం దాటి కట్టెలకు పోయినదాన్ని, ఎప్పుడూ ఏమీ కనబడలేదు. ఇప్పుడు చెప్పేది మాత్రం నా చేతులకు తెలిసిన సంగతి.

కువైట్‌లో, అబూ హలీఫాలో ఒక ఇంట్లో పనిచేస్తాను. ఆ ఇంటి కూతురు నూరా నా ఒళ్లో పెరిగిన పిల్ల. ఇప్పుడు సముద్రంలో మునిగేవాళ్ల క్లబ్బులో ఉంది. చలికాలంలో ఆ నీళ్లు ఎముకలు కొరుకుతాయి. అయినా ఆ పిల్లలు మందపాటి రబ్బరు దుస్తులు బిగించుకుని, వీపున గాలి సిలిండరు మోస్తూ, నవ్వుతూ వెనక్కి ఒరిగి నీళ్లలో పడతారు. జంట లేకుండా ఒక్కరూ దిగరు. ఒకరి గాలి ఒకరు చూసుకుంటారు. తోడబుట్టినవాళ్లు కూడా అంతగా కనిపెట్టుకుని ఉండరు.

పోయిన చలికాలం వంటకని నన్నూ పడవ ఎక్కించారు. సాయానికి అమలాపురం సత్యం ఉన్నాడు.

"గట్టిగా పట్టుకోండక్కా! మీరు పడితే తియ్యడానికి క్రేను కావాలండి బాబూ."

"నీ నోట్లో మన్నుబడ! ముందు ఆ ఎర్రగడ్డలు కొయ్యి."

రెండోసారి దిగినప్పుడు నూరాకు జంటగా దిగిన పిల్ల ఒక్కతే పైకి తేలింది. అడుగున నీటి ఉరవడికి విడిపోయారట. అలా విడిపోతే కాసేపు వెతుక్కుని పైకి వచ్చేయాలని వాళ్ల నియమం. నూరా రాలేదు. అంతలోనే పొగమంచు కమ్మింది. ఈల వేసినా, కేకలు పెట్టినా పలుకు లేదు. తీరానికి కబురు చేశారు గానీ వాళ్లెప్పటికి వస్తారు? సముద్రంలో ఏరులా పారే ఆ ఉరవడి దక్షిణానికి లాగుతోంది, అటే వెతకాలని అందరూ అన్నారు. తప్పు దిక్కుకు పోతే పిల్ల ఆ చలిలో దక్కదు.

పడవ నడిపే ముసలాయన్ను నోఖదా అంటారు. ఆయన తాత, ముత్యాల కోసం మునిగేవాళ్లకు తాడు పట్టినవాడు. కిందివాడు గుంజితే పైవాడు లాగాలి. వాళ్ల గుర్తుగా నోఖదా పడవ ముందువైపు నుంచి రాయి కట్టిన తాడొకటి నీళ్లలోకి వదిలి ఉంచుతాడు. దాన్ని ఎవరూ ముట్టరు. నాకా సంగతి తెలియదు. పడవ ఊగితే, ఆసరాకి దాన్నే పట్టుకున్నాను.

తాడు గుంజింది.

"రేయ్ సత్యం, యెవురో లాగతాండారు రా!"

"చేపయ్యుంటుందండీ" అన్నాడు గానీ వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

నోఖదా నన్ను కసరబోయి, తాడు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. ఏరు దక్షిణానికి పోతుంటే తాడు ఉత్తరానికి బిగిసి ఉంది. "యల్లా", పోదాం పద అని మెల్లగా అని, పడవ అటు తిప్పాడు. పడవ కదిలితే తాడు వెనక్కి వాలాలి కదా? ముందుకే సాగింది. ఒకచోట ఉన్నట్టుండి వదులైంది. అక్కడే సన్నగా ఈల వినబడింది. నూరా తేలుతూ ఉంది, పెదవులు నీలంగా.

కంబళి చుట్టి, ఒళ్లో పెట్టుకుని అడిగాను, తాడు ఎలా దొరికింది బంగారూ అని.

"ఏ తాడు, లచ్చమ్మా?" అంది.

తాడు పైకి లాగి చూస్తే, కొసన రాయి తప్ప ఏమీ లేదు.

నోఖదా ఒక గ్లాసు వేడి టీ అడిగాడు. తాగుతాడనుకున్నాను. వంగి సముద్రంలో పోశాడు. "కిందివాడికీ చలే కదా" అన్నాడు అరబ్బీలో.

ఆ కిందివాడెవడో నాకు ఈ రోజుకీ తెలియదు. మీ గడప దాటిన ప్రతి బిడ్డా వెచ్చగా తిరిగి ఇల్లు చేరాలి తల్లీ, మీ పొయ్యి ఎన్నడూ చల్లారకూడదు.