అమ్మ పాట ఎవరిది

మా అమ్మను భూస్థాపన చేసిన రోజే, ఆమె పాట ఆమెది కాదని ఒక యంత్రం తీర్పు చెప్పింది. ఇంగ్లీషులో, నల్లటి తెర మీద, రెండే వాక్యాల్లో చెప్పింది. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టుకోవడమే నా ఉద్యోగం. అయినా ఆ తెర చూసి నాకేమీ తోచలేదు.

అమ్మ నర్సు. మియాపూర్ వైపు ఒక ఆసుపత్రిలో, పిల్లల వార్డులో చేసి రిటైరైంది. ఆ తర్వాత హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక మా ఫ్లాట్‌లో నాతోనే ఉండేది. జీవితం మొత్తంలో ఒకే ఒక్క పాట రాసింది. ఆమె నర్సింగ్ చదువుతున్న రోజుల్లో, చీరాలలో ఉండే మా పెద్దమ్మకు, అంటే అమ్మ సొంత అక్కకు, బడికి పోయే వయసు కొడుకు జ్వరంతో పోయాడు. అక్కను ఎలా ఓదార్చాలో తెలియక అమ్మ ఆ పాట కట్టింది.

"నీ చేతిలో పెట్టాను, జాగ్రత్త తండ్రీ" అని మొదలవుతుంది. గొప్ప కవిత్వమేమీ కాదు. బడి గేటు దగ్గర బిడ్డను టీచరుకు అప్పగించే తల్లి మాటలా ఉంటుంది. అందుకేనేమో విన్నవాళ్ళకు ఏడుపు ఆగదు. ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి పాకి, ఎవరు పోయినా పాడే పాటగా స్థిరపడిపోయింది. ఎవరు రాశారో పాడేవాళ్ళకు తెలియదు. అమ్మ కూడా చెప్పుకునేది కాదు. నేను సణిగితే, "పాడితే తరిగిపోతుందా ఏంటే? దేవుడి పాటకి ఓనరేంటి?" అని నన్నే కోప్పడేది.

అమ్మ పోయిన సంగతి పెద్దమ్మకు ఫోన్‌లో చెప్పింది నేనే. తుంటి ఎముక విరిగి ఆవిడ మంచం దిగడం మానేసి చాలా కాలమైంది. ఏడవలేదు. "నేను రాలేను కదే. దాని పెట్టె మీద మట్టి వేసేటప్పుడు ఆ పాట పాడించు. నాకు వినపడేలా చూడు" అంది. చెల్లెలికి ఆవిడ చేయగలిగింది అదొక్కటే, నన్ను అడిగింది కూడా అదొక్కటే. తప్పకుండా అన్నాను.

చందానగర్‌లో మా చర్చిలో కీబోర్డు వాయించే తమ్ముడు ఒకడున్నాడు. సొంత తమ్ముడు కాదు, కానీ అక్కా అనే పిలుస్తాడు. అమ్మను అడిగి ఆమె పాటను స్టూడియోలో రికార్డు చేయించింది కూడా అతనే. సమాధుల తోటలో స్టాండుకు ఫోన్ బిగించి లైవ్ పెట్టాడు. పనిదినం కావడంతో క్వైర్‌లో సగం మంది ఆఫీసుల్లో ఉన్నారు. వచ్చినవాళ్ళ గొంతులకు ఆసరాగా ఉంటుందని స్పీకర్‌లో ఆ రికార్డింగ్ కూడా పెట్టాడు. పెద్దమ్మకు అందుతోందో లేదో చూసుకోవడానికి నా ఫోన్‌లోనూ లైవ్ తెరిచి పట్టుకున్నాను.

పల్లవి అయి మొదటి చరణం ఎత్తుకునేసరికి నా చేతిలో తెర నల్లబడింది. ఈ ప్రసారంలో వేరొకరి హక్కులున్న పాట ఉంది, అందుకే ఆపేశాం అని దాని సారాంశం. తోటలో పాట సాగుతూనే ఉంది. చీరాలలోని ఆ గదిలో మాత్రం ఆగిపోయింది. పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, ఇక్కడేం వినపడట్లేదు. ఏదో కాపీరైట్ అని వచ్చింది. అమ్మ ఇంకా ఫోన్ వంకే చూస్తోంది" అంది. ఆ ఫోన్‌లోనే వినిపిద్దామని చేయి చాచేలోగా పాట అయిపోయి పాస్టరుగారు ప్రార్థన అందుకున్నారు. అమ్మ పెట్టె మీద మట్టి పడుతున్నంతసేపూ నేను ఫోన్ చూస్తూ గడిపాను. ఆ దుఃఖం నాకు ఈ జన్మకు తీరదు.

ఇంటికొచ్చాక, టీ కప్పులతో పాటు ఉచిత సలహాలు మొదలయ్యాయి. గచ్చిబౌలిలో పనిచేసే బంధువొకాయన, ముప్పై సెకన్లు దాటకుండా పాడితే ఏ హక్కూ అడ్డు రాదన్నాడు. ఎవరి హక్కులనూ ఉల్లంఘించే ఉద్దేశం లేదని కింద ఒక ముక్క రాసి ఉంటే సరిపోయేదని ఇంకొకావిడ. డబ్బు కోసం కాదు కాబట్టి అసలది వర్తించదని మరొకరు. పాస్టరుగారైతే ఆరాధన పాటలకు కాపీరైట్ ఉండదమ్మా అని నా తల మీద చేయి పెట్టారు. చావింట్లో ఇంతమంది లాయర్లు పుట్టుకొస్తారని నాకు అప్పటిదాకా తెలియదు.

అందరూ వెళ్ళాక కీబోర్డు తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నా వల్లనే అయింది అక్కా" అన్నాడు. "మస్తు మంది ఆ పాటను ఎత్తుకపోయి తమ పేరు పెట్టుకుంటుర్రు. గట్ల కావద్దని, మాదాపూర్ల ఒక మ్యూజిక్ కంపెనోళ్ళకు ఇచ్చిన. వాళ్ళ కాడ రిజిస్టర్ చేస్తే సేఫ్ అన్నరు. ఆన్‌లైన్ల అడిగిన కాడల్లా టిక్కు కొట్టిన, పాట హక్కులన్నీ వాళ్ళవే అని ఉన్నదంట అండ్ల. కింద అమ్మ పేరు రాసినం గద, ఇగ ఫికరేముందనుకున్న."

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనని గట్టిగానే తిట్టాను. దొంగలు రాకుండా తాళం వేసి, తాళంచెవి ఇంకొకడి జేబులో వేసొచ్చావన్నాను. "చిన్నప్పుడు నాకు సూది మందు ఏసింది అమ్మనే అక్కా" అని మొహం తుడుచుకున్నాడు.

సెలవు అయిపోయి ఆఫీసుకు వెళ్ళాక, మా లీగల్ విభాగంలో పనిచేసే కడప ఆవిడకు భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. అన్నం కలపడం ఆపి విన్నది.

"పాట కట్టి రాసుకున్న రోజే హక్కు పుట్టేసింది మ్యాడం. రిజిస్ట్రేషన్ ఉంటే రేపు సాక్ష్యానికి పనికొస్తాది, అంతే. పేరు వేయడం మర్యాద, అది అనుమతి గాదు. మీయమ్మ రికార్డు చేసుకోమన్నారు గానీ పాటను రాసియ్యలేదు గదా? ఆమె సంతకం లేకుండా అది వాళ్ళదెట్లయితాది? ఆమె పోయినాక అరవై ఏండ్లు అది మీది."

ఆ రోజు ఇంట్లో విన్న నాలుగు సలహాల గురించి కూడా అడిగాను. ముప్పై సెకన్ల లెక్క ఏ చట్టంలోనూ లేదంది. కింద ముక్క రాసినా, డబ్బు తీసుకోకపోయినా హక్కు హక్కేనంది. భక్తి పాటకైనా రాసినవాళ్ళుంటారు కదా, చర్చిలో పాడుకోవడం వేరు, పాటే మాదనడం వేరంది. ఇవన్నీ ఏటా మా ఆఫీసు వాళ్ళు ట్రైనింగ్‌లో చెప్పేవే. అందరిలాగే నేనూ నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుకుంటూ పోయినదాన్నే.

లైవ్ ఆపేసిన సైటుకు అభ్యంతరం రాశాను. కోపమంతా అందులోనే చూపించాను. ఈ పాటలో ప్రతి మాటా మా అమ్మదే, ఇందులో ఇంకెవరికీ వీసమెత్తు భాగం లేదు అని రాశాను. కొన్నాళ్ళకు కంపెనీ హక్కు వదులుకున్నట్టు ఒక వాక్యం వచ్చింది. క్షమాపణ లేదు. ఆగిపోయిన వీడియో మళ్ళీ కనిపించింది, కానీ తెగిన చోటి వరకే. పాట మొత్తాన్నీ మా బంధువొకరు పక్కన నిలబడి తన ఫోన్‌లో తీసుకున్నారు. అది ఇప్పించుకుని చీరాల రైలెక్కాను.

పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టాను. పాట మొదలవగానే ఆవిడ పెదవులు కదిలాయి. చివరిదాకా కళ్ళు మూసుకుని విన్నది. అయిపోయాక నా చేయి పట్టుకుంది.

"మొదటి మాట నాదేనే" అంది. "మా పిల్లాడి పెట్టె మూసేస్తుంటే నేనే అలా అరిచాను. మీ అమ్మ నన్ను పట్టుకుని ఉంది. తర్వాతెప్పుడో అదే మాట పెట్టి చరణాలు కట్టుకొచ్చింది. విని నేను దాంతో నెలరోజులు మాట్లాడలేదు."

ప్రతి మాటా మా అమ్మదే అని రాసింది నాకు గుర్తొచ్చింది. పెద్దమ్మకు అదేమీ తెలియదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఎవరో ఈ పాట మాదన్నారటగా అని అడిగింది.

"అవును పెద్దమ్మా. హైదరాబాద్‌లో ఒక కంపెనీ వాళ్ళు. ఇప్పుడు కాదని ఒప్పుకున్నారు."

ఆవిడ నా వైపు తల తిప్పింది.

"ఎందుకు ఒప్పించావే వాళ్ళని?" అంది. "ఊరికే ఎవరంటారు ఆ మాట నాదని? పాపం, వాళ్ళింట్లో పోయిన పిల్లాడికి ఎన్నేళ్ళో అడిగావా?"