నాన్న బొటనవేలి చోటు

నా అర్జీకి ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు. మొన్న పోలీసు స్టేషన్ నుంచి ఫోనొస్తే అదేననుకుని సంబరంగా ఎత్తాను. ఎన్నికలొస్తున్నాయి, లైసెన్సు తుపాకీ తెచ్చి అప్పగించమన్నారు. మనం అడిగినదానికి నోరు విప్పరు గానీ, మనల్ని అడగడానికి మాత్రం ముందుంటారు.

మాకున్నది నాన్న రివాల్వరు. మిరప చేలో పడే అడవిపందుల కోసమని అప్పట్లో దరఖాస్తులో రాశారట. దాన్ని చూసి ఏ పందీ బెదిరిన దాఖలా లేదు. ఆయన పేల్చగా నేనూ చూడలేదు. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక వసారాలో మడతకుర్చీ వేసుకుని, పాత పంచె ముక్కకి నూనె అద్ది దాన్ని తుడుస్తూ కూర్చునేవారు. కల్లంలో ఎండే మిరపకాయల ఘాటూ ఆ నూనె వాసనా కలిసి ముక్కుకి తగిలితే ఇప్పటికీ నాకు ఆదివారమే. తుడిచేటప్పుడు ఆయన ఎడమ బొటనవేలు ఎప్పుడూ ఒకే చోట ఆనేది. అక్కడ నల్లటి మెరుగు అరిగిపోయి, చింతగింజంత మేర తెల్లటి ఉక్కు బయటపడింది. ఆయన పోయాక లైసెన్సు నా పేరు మీదికి వచ్చింది, తుడిచే పని అమ్మ తీసుకుంది. ఆ చోట తన వేలు ఆనించి, "ఎంత వేలో చూడరా మీ నాన్నది" అనేది.

కిందటి ఎన్నికలప్పుడు స్టేషనుకి బయల్దేరుతుంటే ఆపి, ఇంట్లో పత్తికి గింజ తీసి, ఆ దూదిలో రివాల్వర్ని పసిపిల్లని చుట్టినట్టు చుట్టింది. పత్తి పండించే ఇంట్లో కళ్లద్దాలకైనా గాజులకైనా అదే పరుపు. ఎన్నికలయ్యాయి, వానాకాలం కూడా వెళ్లింది, అప్పుడు గానీ వెనక్కివ్వలేదు. తనూ వస్తానని పట్టుబట్టి వచ్చింది అమ్మ. విప్పితే దూది ఎర్రబడి ఇనుముకి అంటుకుపోయి ఉంది. ఇదేంటండీ అంటే స్టేషను రైటరు తలెత్తకుండానే, "మీ పత్తే చెమ్మ లాగింది. పత్తిలో పెట్టమని ఎవరు చెప్పారండీ మీకు?" అన్నాడు. అతని నెత్తి మీద పైకప్పుకి నీటి మరక బారెడుంది. నేను దాన్ని చూశాను. అమ్మ తన చేతుల్ని చూసుకుంది.

గుంటూరు బ్రాడీపేటలో తుపాకులు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, "బావిలో దాచారా ఏంటండీ?" అన్నాడు. ఆ వేలి చోటు వదిలేసి మిగతాది చెయ్యమని బతిమాలాను.

"మెరుగు లేనిచోటే కదండీ తుప్పు ముందు పట్టేది. అక్కడే లోతుగా తినేసింది. వదిలేస్తే మళ్లీ పాకుద్ది."

"పత్తి వల్లా, వాన వల్లా?"

"దేనివల్లయినా తుప్పు ఇలాగే ఉంటదండీ."

కిరసనాయిల్లో నానబెట్టాడు. సన్నటి ఇనుప పీచుతో తుప్పు రాల్చి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. జిడ్డు కడిగాక నన్ను ముట్టుకోనివ్వలేదు, చెయ్యి తగిలినచోట నలుపెక్కించే మందు పట్టదట. ఆ మందులో ముంచి తీయగానే ఉక్కు నల్లబడింది. "ఇది రంగు కాదండీ, ఇదీ ఒకరకం తుప్పే. కాపలా కాసే తుప్పు" అన్నాడు నూనె రాస్తూ.

ఇంటికి తెస్తే అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో చాలాసేపు తడుముకుంది. "కొత్తదిలా ఉందిరా" అని మంచం మీద పెట్టేసింది. "నేనే తుడిచేశాను ఆయన్ని" అంది. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు.

స్టేషనుకి అర్జీలు పెట్టడం అప్పుడు మొదలుపెట్టాను. "బాగైపోయింది కదరా, ఇంకా ఎందుకురా గొడవ? నీ అర్జీకీ తుప్పు పట్టుద్ది" అంటాడు మా బావ. పట్టనీ. ఫోను మోగినప్పుడల్లా లోపల్నుంచి అమ్మ, "వాళ్లేనా? ఏమన్నార్రా?" అని అడుగుతూనే ఉంది.

ఈసారి నూనెగుడ్డలో నేనే చుట్టి తీసుకెళ్తున్నాను. అమ్మ గదిలోంచి రాలేదు. అయ్యా, ఆ వానాకాలం మీ స్టేషను పైకప్పు కారిందా, లేదా? ఒక్క ముక్క చెప్పండి. నాకు కాదు, మా అమ్మకి. నేనయితే ఇంకో ఎన్నికల దాకా ఆగగలను. ఆవిడ వయసుకి ఎన్నికలు మరీ దూరం దూరంగా వస్తున్నాయి.