ప్లాస్టిక్ కవరు తీసిన మేడం గారు

మా ఊరి లైబ్రరీ మేడం గారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను ఏలూరు బస్టాండులో ఉన్నాను. గుండెజబ్బు. నిద్రలోనే పోయారట. మూడో రోజున ఊళ్ళో సంతాపసభ పెట్టారు. ఫ్లెక్సీ మీద ఆవిడ ఫొటో చిన్నది, లైబ్రరీ కమిటీ ప్రెసిడెంటు గారి ఫొటో పెద్దది. పోయిందెవరో తెలియాలంటే దండ ఎవరికి వేశారో చూడాల్సొచ్చింది.

ఆ ప్రెసిడెంటు గారే మైకు పట్టుకుని, "పిల్లలకి కంప్యూటర్ జ్ఞానం పంచిన మహాతల్లి" అన్నారు. ఆ మాట ఆ నోటితో విన్నాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఎవరో దాత మా లైబ్రరీకి కంప్యూటర్లు ఇచ్చారు. పెద్దలు రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు, కాజాలు తిన్నారు. ఆ సాయంత్రమే ప్లాస్టిక్ కవర్లు తొడిగి గదికి తాళం వేయించారు. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయట. అంత మర్యాద మా ఊళ్ళో వియ్యాలవారికి కూడా జరగలేదు.

మేడం గారు కొన్నాళ్ళు చూశారు. తర్వాత ఓ రోజు బడి వదిలే వేళకి తాళం తీసి, కవర్లు మడిచి బీరువా మీద పడేసి, "రండర్రా" అన్నారు. ఏదైనా అడిగితే, "నాకూ తెలీదమ్మా. నొక్కి చూడు, పేలదులే" అనేవారు.

అలా నొక్కుతూ నేర్చుకున్నాం. టైలరు గారి అమ్మాయి షమీమ్ జాకెట్టు చేతులకి డిజైన్లు గీసేది. నేను మైకు తగిలించి, కొల్లేటి ఒడ్డు నుంచి వచ్చిన మా అమ్మమ్మ చేత చిన్నప్పటి కబుర్లు చెప్పించాను. నీళ్ళు గుమ్మంలోకి వస్తే తాటిదోనె మీద పెళ్ళికి వెళ్ళిన సంగతి చెప్పింది. తిరిగి వినిపిస్తే, "ఎవతే ఈ ముసలిది, ఇంత గట్టిగా అరుస్తోంది?" అంది. నాట్లు వేసి ఇళ్ళకెళ్తున్న ఆడవాళ్ళు కిటికీ దగ్గర ఆగి ఒకటే నవ్వు. మర్నాడు వాళ్ళూ కబుర్లు చెప్తామని వచ్చారు.

ఆ నవ్వులు ప్రెసిడెంటు గారి చెవిన పడ్డాయి. ఇస్త్రీ మడత నలక్కుండా వచ్చి నిలబడ్డారు.

"ఏవండీ మేడం గారూ, దీనికో సిలబస్ ఉందాండీ? సర్టిఫికెట్ ఇస్తారా?"

"లేదండీ."

"మరి వీళ్ళు ఏం నేర్చుకుంటున్నట్టండీ?"

"ఓ గంట కూర్చోండి, తెలుస్తుంది."

ఆయన కూర్చోలేదు. ఆ వారంలోనే కంప్యూటర్లు భద్రత కోసమని ఆయన ఇంటికి వెళ్ళిపోయాయి. వాటి మీద వాళ్ళబ్బాయి కారు పందేలు ఆడుకున్నాడు. ఊరి సొత్తుతో ఒక్కడైనా సుఖపడ్డాడు.

ఖాళీ బల్లలు చూసి మేము ఏడుస్తుంటే మేడం గారు గొంతు తగ్గించకుండానే అన్నారు: "పరీక్ష పెట్టకపోతే పిల్లలకి ఆకలి కూడా వేయదనుకుంటారే వీళ్ళు!"

ఆ ఆదివారం షమీమ్‌నీ నన్నూ వెంటబెట్టుకుని తాడేపల్లిగూడెం వెళ్ళారు. అక్కడ ఆవిడ తమ్ముడి దగ్గర పాత కంప్యూటర్ ఉంది. తిరుగు బస్సులో ఆ బరువు మానిటర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"దీనికీ టికెట్ కొట్టాలండీ," అన్నాడు కండక్టరు.

"కొట్టండి బాబూ. ఇదీ మా ఊరే వస్తోంది, పాపం."

బస్సంతా నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

దాన్ని తన ఇంటి ముందుగదిలో పెట్టారు. పోయేదాకా ఆ తలుపు వెయ్యలేదు. "చదువు మానేసి ఆ ఇంట్లో ఏం పని?" అని పెద్దవాళ్ళు మా మీద కేకలేసినా, బడిలో మార్కులు కొలిచే మేస్టార్లు ఎగతాళి చేసినా, ఆవిడ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. వాళ్ళు దానికి తగరని ఆవిడ ఉద్దేశం. నాదీ అదే.

సభలో ప్రెసిడెంటు గారు నన్ను వేదిక మీదకి పిలిచారు. "చెప్పమ్మా, ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఎంతమంది ఉన్నారు?"

"ఒక్కరూ లేరండీ. షమీమ్ పెంటపాడులో సొంత డిజైన్లతో బట్టల కొట్టు నడుపుతోంది. నేను ఏలూరులో ఓ స్టూడియోలో జనం గొంతులు రికార్డు చేస్తాను."

"అయ్యో," అన్నారాయన.

ఆ జాలి ఆయనకే వదిలేసి, మేడం గారి ఇంటికి నడిచాను. ముందుగదిలో నలుగురైదుగురు పిల్లలు తెర ముందు మూగి ఉన్నారు. మేడం గారి తమ్ముడు వంటింట్లోంచి టీ గ్లాసుతో వచ్చి, "పొద్దున్నే వచ్చేశారమ్మా. పొమ్మనబుద్ధి కాలేదు," అన్నారు.

నేను వెళ్ళి వెనకాల నిలబడ్డాను. కుర్చీలో ఉన్న చిన్నపిల్ల తెర మీంచి కళ్ళు తిప్పకుండానే పక్కకి జరిగి, నాకు సగం కుర్చీ ఖాళీ చేసింది.