మంచం దిగనన్న కార్లిస్టు

2023 చలికాలం. గల్ఫ్‌లో, సల్వా అనే పేటలో ఒక స్పెయిన్ దేశపు కుటుంబానికి ఫిజియోథెరపీ చెయ్యడానికి ఇంటికి వెళ్ళేదాన్ని. పేషెంటు పేరు ఇగ్నాసియో, దగ్గర దగ్గర ఎనభై ఏళ్ళు. ఇక్కడ టీచరుగా ఉన్న కూతురు ఎలెనాను చూడటానికి వచ్చి, స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయనే మంచం దిగనన్నారు.

మేం వెయిట్ బేరింగ్ అంటాం, అంటే ఒంటి బరువు కాలి మీద మోపడం. ఆ వయసులో అది ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, వీపున పుండ్లు పడతాయి, మనిషి దక్కడు. ఈ మాట ఎలెనాకు దాచకుండా చెప్పాను. ఆయనకూ చెప్పాను. "చాలా బతికాను" అని గోడవైపు తిరిగారు. నాకు ఒళ్ళు మండింది. రాయచోటి మనిషిని, బతిమాలడం నాకు చేతకాదు.

మంచం తలవైపు ఎర్రటి టోపీ ఒకటి వేలాడుతూ ఉండేది. మాట కలపడానికి అదేమిటని అడిగాను. "నేను కార్లిస్టుని" అన్నారు, మొదటిసారి నా కళ్ళలోకి చూసి.

అదేమిటో ఎలెనా చెప్పింది. దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట స్పెయిన్ రాజు చనిపోతే గద్దె పసిబిడ్డ అయిన ఆయన కూతురికి దక్కింది. కాదు, రాజు తమ్ముడు కార్లోస్‌కే చెందాలని కత్తి పట్టినవాళ్ళు కార్లిస్టులు. రాజు, చర్చి, తాతలనాటి స్థానిక హక్కులు, ఇవే వాళ్ళ లోకం. యుద్ధం మీద యుద్ధం ఓడినా ఆ పేరు వదల్లేదు. ఓడినా మాట మార్చనివాడే కార్లిస్టు అని తండ్రి అంటాడట. మొండిఘటం అని కూతురు అంటుంది.

పోయిన శతాబ్దం డెబ్బైల్లో ఆ కార్లిస్టులే రెండుగా చీలారు. కొందరు సోషలిజం వైపు, కొందరు పాత దారిలో. ఏటా కలిసి ఎక్కే కొండ మీదే ఒక ఏడు తుపాకులు పేలాయి. ఇగ్నాసియో ఒక పక్క, ఆయన తమ్ముడు ఇంకో పక్క. నువ్వు కార్లిస్టువే కాదని ఒకరినొకరు అనుకున్నారు. అప్పట్నుంచి మాటల్లేవు. టోపీ మాత్రం ఇద్దరిదీ అదే.

వింటుంటే నాకు మా ఊరే కనపడింది. పెద్దలు పోయి, గొడవ దేనికో మరిచిపోయినా, ఎదుటి పార్టీవాళ్ళ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగని మనుషులు.

ఆ ఇంట్లో పనిచేసే రమణమ్మది కడప పక్క పల్లె. ఇదంతా తెలుగులో చెప్తే ఉల్లిపాయలు తరుగుతూనే తేల్చేసింది. "అయినోళ్ళు పిలిస్తే యాడ లేస్తాడక్కా? ఎదురు పార్టీవోడు పిలిస్తే లేస్తాడు సూడు. మామాకు జెప్పి ఆ తమ్మునికి ఫోన్ జేపిచ్చు." మామా అంటే ఇంటావిడ, ఎలెనా.

ఎలెనా భయపడింది. ఆ పేరెత్తితే నాన్న తననీ వెలివేస్తాడంది. కొన్నాళ్ళు తటపటాయించి, చివరికి నేనుండగానే వీడియో కాల్ చేసింది.

తెర మీద ఎర్రటోపీ పెట్టుకున్న ముసలాయన. పలకరింపు లేదు. ఆయనన్నది ఎలెనా మెల్లగా నా చెవిన వేసింది: "నువ్వు కార్లిస్టువి కాదని ఇన్నేళ్ళూ అంటున్నాను. ఇప్పుడు మంచం పట్టి రుజువు చెయ్యకు."

ఇగ్నాసియో ముఖం కందగడ్డ అయింది. దుప్పటి తోసేశారు. "పడుకుని వీడికి జవాబు చెప్పను. వాకర్ ఇవ్వు" అన్నారు నాతో ఇంగ్లీషులో.

నడుముకు బెల్టు కట్టి, పట్టుకుని లేపాను. కాలు వణికింది గానీ బరువు మోసింది. నిలబడి తమ్ముణ్ణి తిట్టారు. తమ్ముడూ తిట్టాడు. వాళ్ళ భాషలో నాకు తెలిసింది కార్లిస్టా అన్న మాటొక్కటే. అది ఇద్దరి నోటా మొదట రాయి విసిరినట్టు వచ్చింది, పోనుపోను పేరు పెట్టి పిలుచుకున్నట్టు వచ్చింది. ఉన్నట్టుండి తమ్ముడు ఆగి ఏదో అడిగాడు.

"నొప్పిగా ఉందా అని అడుగుతున్నాడు" అంది ఎలెనా, కళ్ళు తుడుచుకుంటూ.

ఎండలు ముదరకముందే ఆయన చేతికర్రతో సొంతూరు వెళ్ళారు. ఆ ఏడు కొండ ఎక్కలేకపోయారట. కింద బండ మీద కూర్చుంటే, తమ్ముడు కూడా ఎక్కకుండా పక్కనే కూర్చున్నాడట.

కార్లిస్టు అంటే ఏమిటని ఎవరైనా అడిగితే రాజుల సంగతి చెప్తాను. నా పనికి ఉపయోగపడింది మాత్రం రమణమ్మ మాట. ఇప్పుడు ఏ పేషెంటైనా మంచం దిగనంటే, కేస్ షీటులో లేని ప్రశ్న ఒకటి అడుగుతున్నాను: మీకు ఎవరితో మాటల్లేవు?