చామంతికి చెప్పే మాట

నాకు అరవై ఏండ్లకు అక్షరాలు వచ్చినాయి. అందుకే ఆమె గురించి ఇన్నాళ్లూ రాయలేకపోయినాను.

ఆళ్లగడ్డ దగ్గర, ప్లాస్టిక్ పందిరి కింద పూలు పెంచే పాలీహౌస్‌లో ఆమె మా కూలీల మేస్త్రి. పక్క కొమ్మలు బాగా రావాలని లేత చామంతి మొక్కల తలలు తుంచేది. తుంచే ముందు ప్రతి మొక్కకూ “కోపం చేసుకోవాకు తల్లీ” అని చెప్పేది.

“మొక్కకు చెవులుండాయా అక్కా?” అని నవ్వేదాన్ని.

“నీకుండి ఏం ఇంటాండావ్?” అనేది.

ఒక సాయంత్రం లేత మొక్క అనుకుని, మొగ్గ తొడిగిన దాన్ని తుంచేసింది. ఆ మొగ్గను వేళ్లతో తడిమి చూసుకునింది.

“కండ్లు ఆనడంల్యా. రేపట్నుంచి నువ్వే తుంచమ్మే,” అనింది.

మరుసటి పొద్దున నేను మొదటి మొక్క మీద చెయ్యి వేస్తాంటే, వాకిలి దగ్గర కూర్చుని అడిగింది: “చెప్పినావా?”

ఈసారి నవ్వలేదు. వంగి, మొక్కకు చెప్పినాను.