మందు పనిచేస్తుందన్న రిపోర్టు

బస్తర్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్ఐవీ మందులిచ్చే గదిలో నేను కౌన్సెలర్‌ని. కిరండూల్ గని కాలనీలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఇంట్లో తెలుగు, బయట హిందీ. సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చే తెలుగువాళ్లను నా దగ్గరికే పంపేవారు.

అలా వచ్చిన వాళ్లలో ఒక కూలి మనిషి ఉండేది. యాభైకి దగ్గరపడిన వయసు. భర్త పోయాక కొడుకూ కోడలి దగ్గర ఉంటోంది. తోంగ్‌పాల్ మీదుగా సగం రోజు బస్సులో కూర్చుని వచ్చేది. అప్పటికి ఏడాదిగా మందు వాడుతోంది. రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గిపోయి ఉండాలి. రిపోర్టులో మాత్రం చాలా ఎక్కువగా ఉంది.

"అక్కా, మాత్రలు మానేశావా?" అని అడిగాను.

"లే మేడం. రోజూ ఏస్కుంటున్న."

సంచిలోంచి ఖాళీ సీసా తీసి చూపించింది. పారబోసినా సీసా ఖాళీ అవుతుంది కదా అనుకున్నాను. మూడు నెలలపాటు వచ్చినప్పుడల్లా అదే పాఠం చెప్పాను, ఒక్క రోజు కూడా మానొద్దని. తల ఊపుతూ వినేది. మళ్లీ పరీక్ష చేస్తే వైరస్ అలాగే ఉంది.

వైరస్ ఇక మందుకు లొంగడం లేదేమో, మందు మార్చాల్సి వస్తుందేమో అన్నారు డాక్టరుగారు. అది తేల్చే పరీక్ష మా దగ్గర లేదు. రక్తాన్ని మంచులా గడ్డకట్టించి, ఆ చల్లదనం పోకుండా ఎంతో దూరం పంపాలి, పైగా ఖరీదు. అదృష్టవశాత్తూ ఒక ప్రయోగశాల తక్కువ ఖర్చు పద్ధతిని పరీక్షిస్తూ మాకు కొన్ని కార్డులు పంపింది. ఆ మందపాటి కాగితం మీద అయిదు చుక్కల రక్తం వేసి, ఆరబెట్టి, పోస్టులో పంపితే చాలు. వానాకాలం కావడంతో కార్డు ఆరడానికి మర్నాటి దాకా పట్టింది.

దాన్ని కవరులో పెడుతుంటే, తప్పు మందుదేననిపించి ఆమె మీద నమ్మకం కుదిరింది. ఇన్నాళ్లూ అనవసరంగా అనుమానించాననిపించింది. తర్వాత వచ్చినప్పుడు, "తప్పు నీది కాదేమో అక్కా, మందే పనిచేయడం లేదేమో" అన్నాను. ఆమె ముఖం తేటపడింది.

కొన్ని వారాలకు జవాబు వచ్చింది. మందుకు లొంగకుండా వైరస్ ఏమీ మారిపోలేదట. మందు పనిచేయాలట. మూడుసార్లు చదివాను.

"అయితే మింగడం లేదన్నమాట" అన్నారు డాక్టరుగారు.

ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. రిపోర్టు పక్కన పెట్టాను. "మాత్ర ఎలా వేసుకుంటావో మొదట్నుంచీ చెప్పు" అన్నాను.

"పొద్దుగాల లేవంగనే, పరిగడుపున. ఎర్రగోలీలతోని కలిపి."

"ఎర్రగోలీలేంటి?"

"మా ఊరి మితానిన్ దీదీ, గదే ఆశా కార్యకర్త, ఇంటింటికొచ్చి ఇస్తది. నాకు రక్తం తక్కువుందంట. మీ గోలీలు గూడ గదే డబ్బాల పోసిన. కోడలు ఏందని అడిగితే అన్నీ రక్తం గోలీలే అని చెప్త."

అవి ఐరన్ మాత్రలు. ఖాళీ కడుపున ఆ రెండూ కలిపి మింగితే మా మందు ఒంటికి సరిగా పట్టదని డాక్టరుగారు చెప్పారు. ఇన్నాళ్లూ నేను 'వేసుకుంటున్నావా' అనే అడిగాను తప్ప, 'దేనితో' అని ఒక్కసారీ అడగలేదు. ఇకనుంచి మాది పొద్దున, ఎర్రది సాయంత్రం అన్నం తిన్నాక అని రెండు వేర్వేరు డబ్బాలు చేయించాను. మందు మార్చలేదు. మూడు నెలలకు వైరస్ కనబడనంతగా తగ్గిపోయింది.

ఆ కబురు చెబితే ఆమె నవ్వింది. తర్వాత తల దించుకుని అంది: "ఎండకాలం మిరపకాయ ఏరబోయినప్పుడు డబ్బా ఇంటికాడ మరిసిన మేడం. పది దినాలో, ఇంకెక్కువనో. కోప్పడతరని చెప్పలే."

"మరి రెండోసారి పరీక్షకి ముందు కూడా మానేశావా?"

"ఏమో. యాదికి లేదు."

ఆమె బస్సుకు వెళ్లిపోయాక ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. కారణం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. ఐరన్ అని రాశాను. మిరప తోటలు గుర్తొచ్చి, పక్కనే ప్రశ్న గుర్తు పెట్టాను. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.