టీవీలో రాని మాట

బనగానపల్లెలో నేనొక టీవీ ఛానల్ విలేకరిని. "మామిడి ఇక కనుమరుగేనా?" అని మా ఛానల్ వారమంతా ఊదరగొట్టింది. ఆ ప్రశ్నార్థకం సైన్సు మీద గౌరవంతో పెట్టింది కాదు, ఎవరైనా కేసేస్తే అడ్డం పడేదానికి. మా మామకు ప్రశ్నార్థకాలు కనపడవు. తన మామిడితోటలో పూత సరిగా రాలేదని ముందే దిగులుగా ఉన్నాడు. వార్త చూసి, తోట కొట్టించేదానికి రంపం మిషనోళ్లకు చెప్పేసినాడు.

"నేను ఆ ఛానల్లోనే పనిచేస్తాండా మామా. అదంతా హడావిడి."

"నువ్వు చెప్తే కాదప్పా. టీవీలో చెప్పమను."

సరేనని ఉద్యానశాస్త్రవేత్త ఒకామెను బతిమాలి తోటకే పిలుచుకొచ్చి, లైవ్‌కు నిలబెట్టినా. ఇయర్‌ఫోన్‌లో స్టూడియోవాళ్లు "మీరే నెక్స్ట్" అంటానే ఉన్నారు. వెనక ఎండ కనపడాలంట, కదలనీరు. అంత మామిడితోటలో నీడ దొరకనిది మా ఇద్దరికే.

ఆ సందులో ఆమె మామకు ఓపిగ్గా చెప్పింది. చలికాలం రాత్రుళ్లు మునుపటంత చల్లబడడం లేదు, అందుకే పూత తగ్గింది. కొమ్మలు కత్తిరించి, నీళ్లు కట్టే వేళలు మారిస్తే చెట్లు చాలావరకు నిలబడతాయి, కొట్టొద్దు.

"శానా బాగా చెప్పినావమ్మా. ఉండు, టీవీలో చూసొస్తా" అని మామ తోటలోనే ఉన్న ఇంట్లోకి పోయినాడు.

మా వంతు వచ్చింది. స్టూడియోలోంచి యాంకర్ అడిగినాడు. "మేడం, ఒక్క మాటలో చెప్పండి. రాయలసీమ ఎడారి అవుతుందా, కాదా?"

"ఒక్క మాటలో చెప్పలేమండీ. చలికాలం రాత్రుళ్లు..."

"ధన్యవాదాలు మేడం." తర్వాత ఏసీల ప్రకటన.

మామ బయటికొచ్చినాడు. "ఆయమ్మ చెప్పలేననేసింది కదప్పా!"

"ఇందాక నీకే చెప్పింది కదా మామా!"

"నాకు చెప్తే ఏముండాది? నిజమైతే ఆడ, టీవీలో, చెప్పకుండా ఉంటాదా?"

ఆమె నా వైపు చూసింది. నేను కెమెరా వైపు చూసినా. అది ఆఫ్‌లో ఉంది, దాని అదృష్టం.

ఆమె ముఖం చూసి మామ కొంచెం మెత్తబడినాడు. "సరేమ్మా, మళ్లీ టీవీలో ఎప్పుడొస్తావో చెప్పు. అంతవరకు మిషను ఆపిస్తా."

పక్కకు పోయి, చెట్లు కొట్టొద్దని చెప్పేదానికి మేడంకు ఇంకోసారి టైమివ్వమని మా ఛానల్ డెస్క్‌కు ఫోన్ చేసినా.

"చెట్లు కొట్టొద్దంటే ఏం చూపించాలి? నిలబడిన చెట్లా? కొట్టేటప్పుడు విజువల్స్ పంపు. అప్పుడైతే మేడంకు ఎంతసేపు కావాలంటే అంతసేపు ఇస్తాం."

"ఏమంటాండారప్పా?" అని మామ అరిచినాడు.

"టైము చెప్తారంట మామా."

"చెప్పనీ" అని, తువ్వాలు పరుచుకుని అక్కడే కూచున్నాడు.